కంటి ఎత్తు

అయినా ఆ అయిదడుగుల ఆరంగుళాల కళ్ళు ఎవరివి, వాటిని అక్కడ పెట్టిందెవరు, అనుకుంటూ సాజిదా ఇంకో మిరపకాయ తొడిమ తుంచి పక్కన పడేసింది. ఏడాదికి సరిపడా కారం పట్టించాలని అత్తగారు కరీమున్ పది కిలోల కాయలు తెప్పించి వరండాలో చాప మీద పోయించింది. ఎండ ముదరకముందే తొడిమలు తీసేయాలి. మార్చి నెలలో గుంటూరు గాలే సగం కారం. ఇక కాయలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న మనిషి కాసేపటికి తుమ్మడం కూడా మర్చిపోతుంది. వేళ్ళు వాటి పని అవి చేసుకుపోతున్నాయి గానీ ఆమె ఆలోచన నిన్నటి దగ్గరే తిరుగుతోంది.

నిన్న ప్రత్తిపాడు నుంచి బుల్లయ్య, ఆయన భార్య హనుమాయమ్మ వచ్చారు, కట్టుకోబోయే ఇంటి ప్లాను చూసుకోవడానికి. ఇళ్ళ ప్లాన్లు గీసి ఇచ్చే లైసెన్సు సాజిదా భర్త మాలిక్‌ది. గీసేది సాజిదా. అయిదేళ్ళ కిందట, తొంభై ఎనిమిదిలో, కంప్యూటర్ మీద ప్లాన్లు గీయడం నేర్పుతామని బ్రాడీపేటలో బోర్డు కనిపిస్తే మాలిక్ వెళ్ళి చేరాడు. రెండు రోజులకే మౌస్ తన మాట వినడం లేదని మానేశాడు. కట్టిన ఫీజు ఊరికే పోతుందని మూడో రోజు నుంచి ఆమెను పంపాడు. ఇప్పుడు స్థలం కొలుచుకొచ్చేది మాలిక్, రఫ్ కాగితం మీద పెన్సిల్‌తో గళ్ళు వేసి ఇచ్చేది మాలిక్, చివర్లో సంతకం మాలిక్. మధ్యలో జరిగేదాన్ని అతను ‘ఎక్కించడం’ అంటాడు. మా ఆవిడ కంప్యూటర్లో ఎక్కిస్తుందండీ అని వచ్చినవాళ్ళకు చెబుతాడు, బస్తాలు లారీకి ఎక్కించినట్టు. అలా ఆమె ఎక్కించిన ఇళ్ళు మూడు వందలు దాటాయి. దాచేపల్లి సిమెంటు ఫ్యాక్టరీ ఉద్యోగులవి, మిర్చి కమీషన్ వ్యాపారులవి, పొన్నూరు బియ్యం మిల్లుల వాళ్ళవి.

ప్లాన్లు గీసే ఆ కంప్యూటర్ ప్రోగ్రాంలో ఒక వింత ఉంది. కాగితం మీది గీతలకు ఎత్తు ఇస్తే అవి గోడలై లేస్తాయి. అప్పుడు మౌస్ పట్టుకుని ఇంట్లోకి నడవొచ్చు. వీధి తలుపు, హాలు, పడకగది, వంటగది. వచ్చినవాళ్ళు దాన్ని నోరు తెరుచుకుని చూస్తారు. మాలిక్ ఆమె కుర్చీ వీపు మీద చెయ్యేసి నిలబడి, ఇదిగో మేం హాలు ఇలా పెట్టాం, అని పెన్సిల్‌తో చూపిస్తుంటాడు. నిన్న బుల్లయ్యా అట్లాగే మురిసిపోయాడు. హనుమాయమ్మ మాత్రం వంటగది దాకా మాట్లాడకుండా వచ్చి, అక్కడ ఆగిపోయింది.

“ఇల్లు బానే ఉంది గానీ అమ్మాయ్, ఇది ఎవరో పొడుగాటి మనిషి చూస్తున్నట్టుంది. నేను చూస్తే ఇట్టా కనపడదు” అంది.

బుల్లయ్య నవ్వాడు. మాలిక్ ఇంకా గట్టిగా నవ్వాడు. సాజిదాకు నవ్వు రాలేదు. ప్రోగ్రాం లోపల ఎక్కడో చూసిన గుర్తు ఉంటే వెతికింది. కంటి ఎత్తు అని ఒక చిన్న గడి. అందులో అయిదడుగుల ఆరంగుళాలు. ప్రోగ్రాంతో పాటే వచ్చిన అంకె. అయిదేళ్ళుగా ఆమె దాన్ని ముట్టుకోలేదు. హనుమాయమ్మను తలుపు చట్రానికి ఆనించి నిలబెట్టి, కంటి దగ్గరికి టేపు పెట్టి కొలిచింది. నాలుగడుగుల ఏడు. ఆ అంకె కొట్టి మళ్ళీ వంటగదిలోకి నడిస్తే, ఇందాక కిటికీలోంచి కనిపించిన పెరడు లేదు. కిటికీ అడుగు చట్రం, దాని పైన ఇంత ఆకాశం, అంతే. “అదీ, నేనుండబోయేది ఇందులో” అంది హనుమాయమ్మ, దొంగ దొరికినట్టు. కిటికీని అడుగు కిందకి దించేదాకా కదల్లేదు. వాళ్ళు వెళ్ళాక సాజిదా తన కళ్ళు కూడా కొలుచుకుంది. నాలుగడుగుల ఎనిమిది. ఊరికే, సరదాకి, ఆ గడిలో అది పెట్టి ఉంచింది.

మూడు వందల ఇళ్ళూ ఎవరో పొడుగాటి మనిషి కళ్ళతో చూసి బాగున్నాయనుకున్నానే, అని నిన్నటి నుంచీ ఒకటే గుబులు. తొడిమలు సగం అయ్యాయి. కరీమున్ లోపలి నుంచి, ఆ కంప్యూటర్ పెట్టె ముందుకు మాత్రం చెప్పకుండానే పోతావుగా, ఇక్కడికొచ్చేసరికి చేతులు నెమ్మదిస్తాయి, అంది. ఆమె అలా అనడంలో కోపం ఉండదు. కూరలో ఉప్పు చూసినట్టు రోజూ ఒకసారి అని చూస్తుంది, అంతే.

పొన్నూరు పార్టీ ప్లాను మధ్యాహ్నానికి కావాలని మాలిక్ చెప్పి వెళ్ళాడు. పాత ఇంటికి మార్పులు. పేరు తర్వాత చెబుతానన్నాడు. నువ్వేం ఆలోచించకు, నేను వేసింది వేసినట్టు ఎక్కించు, అని రెండుసార్లు అన్నాడు. సాజిదా చేతులకు కొబ్బరినూనె రాసుకుని, కడుక్కుని, అయినా మండుతున్న వేళ్ళతోనే వంటగది వెనక గదిలోకి వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఎనిమిదడుగులకు ఏడు ఆ గది. మామగారి కాలంలో మిరపకాయల బస్తాలు వేసేవారు. ఇప్పటికీ వానాకాలం గోడ చెమర్చితే ఆ ఘాటు పైకి వస్తుంది. ఆ గదిలోకి ఎవరూ రారు. తలుపు వేసుకున్నా ఎందుకని ఎవరూ అడగరు. పెళ్ళయిన ఈ పదకొండేళ్ళలో ఆమె తలుపు వేసుకుని కూర్చున్న చోటు ఇదొక్కటే. కూతురు అర్ఫా మాత్రం బడి నుంచి వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని హోంవర్క్ రాసుకుంటుంది, ఇద్దరూ మాట్లాడుకోరు.

పాత ఇంటి ప్లాన్లకు ఒక పద్ధతుంది. ఉన్న గోడలకు నీలం రంగు, కొత్తగా కట్టేవాటికి ఎరుపు, పడగొట్టేవాటికి పసుపు. మాలిక్ కాగితంలో వెనక వైపు చిన్న గదికి పెన్సిల్‌తో అడ్డంగా కొట్టేసి ఉంది. ఆమె దాని గోడలు పసుపు చేసింది. పక్కనున్న వంటగదిని ఆ జాగాలోకి పొడిగిస్తూ ఎర్ర గీతలు లాగింది. వంటగది గోడలోంచి ఒకచోట ఇటుక దిమ్మ తొమ్మిది అంగుళాలు ముందుకు పొడుచుకొచ్చి ఉంది. ఎవరో మేస్త్రీ తప్పు. పోనీ, ఉన్నది కదా, దాన్నీ గీసింది. పైనుంచి చూస్తే అన్ని ఇళ్ళలాంటి ఇల్లే. ఇంటిని పైనుంచి చూసేది పావురాలు తప్ప ఎవరు గనక. ఎత్తులిచ్చి గోడలు లేపింది. ముందు ఇప్పుడున్న ఇల్లు ఎలా ఉందో చూద్దామని వీధి తలుపు తీసుకుని లోపలికి నడిచింది.

హాలు దాటింది. వంటగదిలోకి తిరిగింది. పొయ్యి గట్టు వైపు నడుస్తుంటే ఆమె నడుము కుర్చీలో ఎడమకు ఒదిగింది.

మౌస్ ఆగిపోయింది. తను ఎందుకు ఒదిగిందో సాజిదాకు అర్థం కాలేదు. తెరమీద ఎదురుగా ఆ దిమ్మ ఉంది. చుట్టూ బూడిదరంగు గోడలు, గిన్నె లేదు, గరిటె లేదు, పొయ్యి మీద పాల పొంగు మరక లేదు. ఇది తనకేమీ కాని ఇల్లు. కానీ కుడి తుంటి మీద, చీర కుచ్చిళ్ళ పక్కన, పదకొండేళ్ళుగా మానీ మానని కమిలిన మచ్చ ఒకటి తనంతట తానే ఉలిక్కిపడింది. గంజి వార్చడానికి వంగినప్పుడల్లా తగిలే దెబ్బ అది. మొదటి ఏడాది కన్నీళ్ళొచ్చేవి. తర్వాత శరీరమే నేర్చుకుంది, ఆమెకు చెప్పకుండా, అక్కడికి రాగానే ఎడమకు ఒదగడం. ఇప్పుడు బొమ్మను చూసి కూడా ఒదిగింది. ఆమెకంటే ముందు అది గుర్తుపట్టింది.

మౌస్‌తో మెల్లగా వెనక్కి తిరిగింది. వంటగది గుమ్మంలోంచి హాలు, హాలు అవతల వరండా, రెండు గుమ్మాలూ ఒకదానికొకటి ఎదురుగా పడక, సందులోంచి వీధి తలుపు జానెడు ముక్క. జానెడే. ఆ జానెడు ముక్కలోంచే కదా ఇన్నేళ్ళూ ఎవరి కాళ్ళొచ్చాయో చూసి ఎన్ని గ్లాసుల టీ పెట్టాలో లెక్కేసుకుంది. ఆ అయిదడుగుల ఆరంగుళాల ఎత్తులోనే చూసి ఉంటే తుంటికి తెలిసేది కాదేమో, కళ్ళకూ తెలిసేది కాదేమో. మూడు వందల ఇళ్ళు కొలతలతో సహా తెలిసిన మనిషి తనుండే ఇంటిని ఒక్కసారీ కొలుచుకోలేదు.

టేపు తీసుకుని వంటగదిలోకి వెళ్ళింది. దిమ్మకు ఆనించింది. తొమ్మిది అంగుళాలు. గుమ్మం వెడల్పు, గట్టు ఎత్తు, కిటికీ, అన్నీ కాగితంలో ఉన్నవే. కరీమున్ వచ్చి గుమ్మంలో నిలబడి, టేపు చూసి, ఏమీ అడగకుండా వెనక్కి వెళ్ళిపోయింది. అడగకపోవడంతో, అత్తగారికి ఈ సంగతి ముందే తెలుసని కూడా తెలిసిపోయింది. సాజిదా గదిలోకి వచ్చి కూర్చుంది. తెరమీద పసుపుగా ఉన్న ఆ గోడల మధ్యే ఆమె కూర్చుని ఉంది. ఆ గోడల్ని పసుపు చేసింది ఆమే.

మొన్న భోజనం దగ్గర మాలిక్ అన్నమాట అప్పుడు గుర్తొచ్చింది. ఇంకొన్నాళ్ళేలే సాజిదా, నీకు ఈ కష్టం తప్పిస్తా, అన్నాడు. అతనలాంటి మాటలు అనడు. రెండు రోజులు ఆ మాటను చప్పరిస్తూ తిరిగింది తను, చిన్నపిల్ల పిప్పరమెంటు చప్పరించినట్టు. ఇప్పుడది నోట్లో రాయిలా తగిలింది.

మాలిక్ పన్నెండింటికి వచ్చాడు. స్కూటర్ స్టాండు వేసి, తుమ్ముకుంటూ లోపలికొచ్చి, అయిందా అన్నాడు.

“ఈ పొన్నూరు ఇల్లు మీరే కొలిచారా?”

“ఊ. ఏం?”

“దిమ్మ కూడా కొలిచారు.”

మాలిక్ ఆమె ముఖం చూశాడు. తర్వాత తెర చూశాడు. అతని ముఖం మీద నెమ్మదిగా నవ్వు పరుచుకుంది. అందులో తప్పు చేసిన జంకు లేదు. అదే ఆమెను భయపెట్టింది.

“కనిపెట్టేశావా. మున్సిపాలిటీలో పర్మిషన్ వచ్చాక చెబుదామనుకున్నా. అమ్మకి మాత్రమే చెప్పా” అన్నాడు. పండగ బట్టలు ముందే దొరికిపోయినట్టు కాస్త చిన్నబోయాడు కూడా. వంటగది ఇరుకని నువ్వే కదా అనేదానివి అన్నాడు. నిజమే, ఒకసారి అంది, అర్ఫా కడుపులో ఉన్నప్పుడు. అరండల్‌పేటలో ఆఫీసుకని గది తీసుకుంటున్నానన్నాడు. కంప్యూటర్ అక్కడికి మారుస్తాడట. జాన్ బాషా అని ఒక ఆపరేటర్‌ని మాట్లాడాడట, హైదరాబాద్‌లో చేసి వచ్చాడట, చేతివేగం ఎక్కువట. ఇక నువ్వు రెస్ట్ తీసుకో, అని చెప్పి, మెచ్చుకుంటుందని ఆగాడు.

సాజిదా అడగాల్సింది ఒక్కటే అడిగింది. “మరి ఈ గదో?”

“ఏ గది?” మాలిక్ నిజంగానే చుట్టూ చూశాడు. “ఈ స్టోరా?”

జవాబు కోసం అతను ఆగలేదు. అరగంటలో తిని వెళ్ళాలి, ఫ్లాపీలో వేసి ఉంచు, ప్రింటు తీయించి ఇవాళే మున్సిపాలిటీలో ఇచ్చేస్తా, అన్నాడు. ఎక్కడా ఏమీ మార్చకు, ఉన్నది ఉన్నట్టు ఇవ్వు, అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. కొళాయి చప్పుడు వినిపించింది. పళ్ళెం వేయమని కరీమున్‌ను అడగడం వినిపించింది. అయిదేళ్ళు. ఈ కుర్చీ, ఈ గోడ చెమ్మ, అర్ఫా పెన్సిల్ గీకుడు. వాళ్ళెవరూ దీన్ని లాక్కోవడం లేదు. అక్కడొక మనిషి ఉందని తెలిస్తే కదా లాక్కోవడం. తనను ఇష్టపడుతూనే, తన మంచికేనని నమ్ముతూనే, నవ్వుతూనే తుడిచేస్తున్నారు. ఎవరి మీద కోప్పడాలో తెలియక ఒళ్ళంతా చల్లబడింది. వేళ్ళు మాత్రం మండుతున్నాయి.

తను ఈ గోడల రంగు మార్చినా ఆ జాన్ బాషా రేపు మళ్ళీ పసుపు చేయగలడు. ఆ సంగతి ఆమెకు తెలుసు. మాలిక్‌కి మాత్రం ఫైలు తెరవడం కూడా రాదు. ప్రింటు తీసే షాపులో, కాగితం మీదకు వచ్చాకే చూస్తాడు. చూసి ఇంటికి రావాలి. వచ్చి అడగాలి. అప్పుడు ఆ గదిని ఏదో ఒక పేరుతో పిలవాలి. అంతవరకు చాలు.

సాజిదా ఎర్ర గీతల్ని ఒక్కొక్కటీ పట్టుకుని తీసేసింది. తర్వాత పసుపు గోడలు నాలుగింటినీ ఎంచుకుంది. రంగుల పట్టీ తెరిచింది. ఉన్న గోడలకు వేసే నీలం మీద నొక్కింది. నాలుగూ ఒక్కసారే నీలమయ్యాయి. మాలిక్ కాగితంలో పేరే లేని ఆ గడి మధ్యలో కర్సర్ పెట్టి, మిరపకాయ మంట పోని వేళ్ళతో, ఒక్కొక్క అక్షరం చూసుకుంటూ కొట్టింది: సాజిదా పని గది.

సేవ్ చేసి, ఫ్లాపీ బయటికి తీసి, అన్నం తింటున్న మాలిక్ పళ్ళెం పక్కన పెట్టింది.

“ఉన్నది ఉన్నట్టే ఇచ్చాను” అంది.