నాలుగో ఇంజెక్టర్

తిరుగుతున్న కారు ఇంజిన్ మీదికి వంగి, పొడవాటి స్క్రూడ్రైవర్ మొనను రెండో ఇంజెక్టర్ మీద ఆనించి, చెక్కపిడిని చెవికి నొక్కిపెట్టాడు. టిక్కు టిక్కుమని చప్పుడు సరిగానే వస్తోంది. ముప్పై ఏళ్లుగా ఇదే పద్ధతి. పిడి అరిగి అరిగి అతని చెవికి సరిపడా గుంట పడింది. అందరూ అతన్ని చెవి మేస్త్రీ అంటారు. అసలు పేరుతో పిలిస్తే అతనే తిరిగి చూడడు.

బండి టీచరమ్మది. మూడు రోజులుగా షెడ్డులోనే ఉంది, నడుస్తూ నడుస్తూ కుదుపుతోంది. ఎదురుగా కొత్తగా పెట్టిన వర్క్‌షాపువాళ్లు తెర మీద ఏవో అంకెలు చూసి, ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ పెట్టె పోయింది, మార్చాల్సిందే అన్నారట. మేస్త్రీకి ఒళ్లు మండింది.

"పెట్టెలో తప్పేం లేదు టీచరమ్మా. అది అమాయకురాలు, ఎవరేం చెబితే అదే నమ్ముతుంది. ఇంజెక్టరే ఏదో మొరాయిస్తోంది. రేపటికి చెబుతా."

నిజానికి ఆ అరచేతంత పెట్టెకు కళ్లూ చెవులూ లేవు. గాలి ఎంత వస్తోందో, నీళ్లు ఎంత వేడెక్కాయో తీగలు మోసుకొచ్చే కబురును బట్టి, ఇంజెక్టర్లను రెప్పపాటులో తెరిచి మూస్తూ పెట్రోలు కొలిచి పోస్తుంది. ఇందులో నీళ్ల వేడి చెప్పే సెన్సర్ పాడైంది. కొత్తది రావడానికి వారం పడుతుందంటే, మేస్త్రీ ఆ తీగలకు, ఎప్పుడూ ఒకే కబురు చెప్పే చిన్న రెసిస్టర్ ఒకటి కట్టి ఊరుకోబెట్టాడు. అప్పట్నుంచి ఇంజిన్ కాగిపోతున్నా, పెట్టె మాత్రం అది ఇంకా చల్లగానే ఉందనుకుని పెట్రోలు అదనంగా పోస్తూనే ఉంది. అదంతా సరిగా కాలక పొగై షెడ్డులోకే వస్తోంది. పొగను బయటికి పంపే గొట్టం బుసబుసమంటోందని తనే పీకి మూలన పడేశాడు. వీధిలో లారీల మోత అడ్డమని షట్టర్ కూడా దించేశాడు.

పొద్దున బయల్దేరుతుంటే భార్య గుమ్మంలో అడ్డం నిలబడింది.

"ఇంట్లో ఉంటే తలనొప్పి తగ్గుతోంది, షెడ్డుకెళ్తే మళ్లీ వస్తోంది. ఒకసారి డాక్టరుకి చూపించుకోరాదూ?"

"అయితే నాకు పని పడట్లేదన్నమాట. మానేసి ఇంట్లో కూర్చుంటే నువ్వు భరిస్తావా?"

ఆమె నవ్వలేదు. "కనీసం ఆ షట్టరన్నా తీసి పెట్టుకో."

"తీస్తే నాకేం వినపడుతుంది?"

చెవికి దొరికే జబ్బయితే ఇట్టే పట్టేసేవాడు. ఆ పొగలో ఉన్న, రక్తాన్ని మరింత ఎర్రబరిచే కార్బన్ మోనాక్సైడ్ విషానికి చప్పుడు లేదు, వాసనా లేదు. పెట్రోలు కంపు అతని ముక్కుకు ఏనాడో అలవాటైపోయింది.

మూడోది బాగుంది. నాలుగో దాని మీద ఆనించాడు. టిక్కు. టిక్కు. ఒకటి తప్పింది. మళ్లీ టిక్కు. అదిగో, దొంగ దొరికింది. సంతోషంతో ఒళ్లు తేలికైనట్టు అనిపించింది. సుద్దముక్కతో దాని మీద గీత గీశాడు. గీత వంకరపోయింది. కాళ్లు తేలిపోతున్నాయి. ఒక్క నిమిషం కూర్చుని టీచరమ్మకు ఫోన్ చేద్దామనుకుని, బండి చక్రానికి ఆనుకుని కింద కూర్చున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి రాలేదు, ఫోన్ ఎత్తలేదు. భార్య వచ్చి రెండు చేతులతో షట్టర్ పైకి లేపింది. ఘాటుకు కళ్లు మండాయి. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లింది. అతను కళ్లు మూసుకుని కూర్చునే ఉన్నాడు. ముఖం ఎర్రగా, ఎన్నడూ లేనంత ఆరోగ్యంగా ఉంది.

"ఏమయ్యా," అంది. భుజం మీద చెయ్యి వేసింది. చల్లగా ఉంది.

ఇంజిన్ ఇంకా తిరుగుతూనే ఉంది. వంకర సుద్దగీత పక్కన, తీగల మధ్య ఇరుక్కుని నిలబడ్డ స్క్రూడ్రైవర్ చెక్కపిడి, గుంట పైకి తిరిగి, సన్నగా వణుకుతోంది.