ఆదెన్న, జత

సంకటి ముద్ద ఎడమ చేత్తో కుదరదు. కుడి అరచెయ్యి తడుపుకొని వేడి మీదే గుండ్రంగా తిప్పాలి. తిప్పడానికి వేళ్లుండాలి. నాకు కుడి చేతికి బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి, మధ్యనంతా కట్టు. ఆ పొద్దున నేను కంచంలో వేసినదాన్ని చూసి మా అత్త పెద్దసుబ్బమ్మ, "ఏమ్మే, ఇది సంకటా, గోడకు కొట్టే పిడకా?" అంది. నా మొగుడు ఆదెన్న నవ్వలేదు. ఆ పిడకనే పప్పులో అద్దుకుంటూ నా చేత పాఠం అప్పజెప్పించుకుంటున్నాడు.

"జమ్మలమడుగు బస్సు దిగినావు. అప్పుడు టయిమెంత?"

"ఆరున్నర."

"ఎదురుగా ఎంతమందొచ్చినారు?"

"ముగ్గురు."

"పేర్లు చెప్పు మే. జడ్జి ముందర గూడా ఇట్లనే నీళ్లు నమిల్తే ఎట్ల?"

రెండు పేర్లు చెప్పాను. మూడోది దావూద్ పేరు. అది చెప్పకుండా పప్పు గిన్నె ఆయన ముందుకు జరిపాను.

నేను ఎనిమిదిలో ఉండగా వేముల దగ్గర మా పుట్టింటి ఊళ్లో రెండు పార్టీలు కొట్టుకుంటే, పోలీసులు మా బడిలోనే క్యాంపు పెట్టారు. తరగతి గదుల్లో వాళ్ల మంచాలు, నల్లబల్ల మీద వాళ్ల డ్యూటీల పట్టిక. మూడు నెలలన్నవాళ్లు రెండేళ్లున్నారు. వాళ్లు పోయేలోగా నాకు పెళ్లి చేసేశారు. ఇన్నేళ్లకు మళ్లీ నాకు పాఠం చెప్పేవాళ్లు దొరికారు. అదీ నా చెయ్యి ఎలా పోయిందన్న పాఠం.

నా చెయ్యి ఎలా పోయిందో నాకు తెలుసు. ప్రొద్దుటూరు పొలిమేరల్లో గంగులయ్య పత్తి మిల్లు ఉంది. అక్కడ మొగుడూ పెళ్లాలిద్దరూ వస్తే కలిపే పనిలో పెట్టుకుంటారు. హాజరు పుస్తకంలో "ఆదెన్న, జత" అని రాస్తారు. ఆ జత నేను. ఎడ్ల సంతలో వాడే మాట. కూలి ఆదెన్న చేతికే ఇస్తారు. బిడ్డ పుట్టిన మూడో నెలకే మళ్లీ మిషను దగ్గర నిలబడ్డాను. "చంటిబిడ్డ తల్లికి పనియ్యడమే శానా మేలు" అని గంగులయ్య అంటే, ఆ మేలుకు నా మొగుడు చేతులు జోడించాడు. పత్తిని లాక్కునే రోలర్లకు ఇనప మూత ఉండాలి. పనికి అడ్డమొస్తోందని దాన్ని ఎప్పుడో ఊడదీసి మూలకు పడేశారు. ఆ రోజు పత్తి కుప్ప పక్కన కట్టిన ఉయ్యాలలో నా కూతురు ఏడ్చింది. తల తిప్పాను, అంతే. నాతో పనిచేసే చాంద్‌బీ పరుగెత్తి మోటారు ఆపింది. గేటు దగ్గరున్న ఆమె మొగుడు దావూద్ నన్ను తన ఆటోలో వేసుకొని ఆస్పత్రికి చేర్చాడు. ఆ ఆటో వెనక గంగులయ్యకు పడని అవతలి పార్టీ జెండా కట్టి ఉంది. పంచాయతీ ఎన్నికలు పదిహేను రోజుల్లోకి వచ్చాయి.

మత్తు దిగేసరికి నా చెయ్యి మిల్లులో పోలేదు, మా ఊరి దారిలో పోయింది. అవతలి పార్టీవాళ్లు ఆదెన్న మీద బాంబు విసిరితే నాకు తగిలిందట. ఫిర్యాదు రాసిచ్చింది నా మొగుడే. ఎద్దు పొడిచిన గాయానికి కూడా ముద్దాయిలను వెతికే ఊళ్లు మావి. దెబ్బ ఎవరిదైనా, దాని మీద పేర్లు రాసే హక్కు పార్టీది. గంగులయ్య మిల్లుకు మచ్చ రాలేదు, ఎన్నికల ముందు అవతలి మనుషులు ముగ్గురు జైలుకు పోయారు. దావూద్ ఇప్పుడు కడపలో ఉన్నాడు. నా మొగుడికేమో రేషను డీలరు పని ఇస్తామన్నారు.

"డీలరు పెండ్లామువైతావు మే. ఇంగ నిన్ను మిల్లుకు పొమ్మనేదెవురు?" అన్నాడు ఆదెన్న, నాకేదో నగ చేయించినట్టు.

మా అత్త ఇంకో మాట అంది. "పోయిన వేళ్లు ఎట్లా రావు. మొగునికైనా పనికిరానీలే."

ఆ మాట నాకు అన్నం తింటుంటే గుర్తొస్తుంది, పాలిస్తుంటే గుర్తొస్తుంది. ఉన్నన్నాళ్లు అవి ఎవరికి పనికొచ్చాయి? ఆమె మోకాళ్లకు నూనె రాసింది ఆ వేళ్లే. ఈ ఇంటి అంట్లూ, పేడా, ఆదెన్న చొక్కా కాలరు మీద పత్తి జిడ్డూ, అన్నీ ఆ వేళ్లే కదా. మిల్లులో ఆయన బీడీకి బయటికి పోతే ఆయన మిషను కూడా చూసినవి అవే. తెగిపడ్డాక కూడా మీకేనా చాకిరీ? ఇదంతా లోపలే అనుకున్నాను. పైకి అనడానికి భయం. ఇప్పుడు నాకు అన్నీ భయాలే. బిడ్డను ఎత్తుకుంటే జారుతుందేమోనని, నిజం చెబితే దాన్ని నా నుంచి లాక్కుంటారేమోనని. చెప్పకపోతే, పెద్దయ్యాక ఇది నా చెయ్యి పట్టుకొని "ఎట్లా పోయిందమ్మా?" అంటుంది. అప్పుడు ఏ పాఠం అప్పజెప్పాలి?

కట్టు మార్పించుకోవడానికి ఆస్పత్రికి పోయిన రోజు చాంద్‌బీ వచ్చి పక్కన కూర్చుంది. ఆదెన్న టీకి పోయి ఉన్నాడు.

"నేను నిన్నేం అడగను నాగేంద్రా," అంది. "వకీలు చెప్పిన మాట చెప్పి పోతా. మిల్లులో చెయ్యి పోతే మిల్లోడే పరిహారమియ్యల్లంట, చట్టముందంట. బుక్కులో పేరు ల్యాకపోయినా పని చేస్తాంటే చూసినోళ్లుంటే చాలంట. మోటారు ఆపింది నేనే కదా. యాడ చెప్పమన్నా చెప్తా."

లేచి రెండడుగులు వేసి ఆగింది.

"ఆటో సీటు మీద నీ రక్తం ఇంగా అట్లనే ఉండాది. అదే సాక్ష్యమంటాండారు పోలీసోళ్లు."

నన్ను కాపాడబోతే అంటిన రక్తపు మరకే అతన్ని పట్టించింది. ఆ ఒక్క రాత్రే కాదు, అప్పటినుంచి ఇప్పటిదాకా నాకు ఆ సీటే కనిపిస్తోంది.

జడ్జి ముందు వాంగ్మూలం ఇచ్చే రోజు వచ్చింది. గంగులయ్య జీపు పంపాడు. "బిడ్డను అమ్మ దగ్గర ఇడ్సి రా" అన్నాడు ఆదెన్న. "పాలు తాగే బిడ్డ. దాన్ని ఇడ్సొస్తే నా నోట పాఠం రాదు" అన్నాను. ఆ మాట బాగా పనిచేసింది. సంచిలో ఒక పూటకని చెప్పి, బిడ్డవి ఉన్న గుడ్డలన్నీ సర్దాను. కోర్టు గేటు దగ్గర జెరాక్సు అంగడి మెట్ల మీద చాంద్‌బీ కూర్చొని ఉంది. ఆమె నా మొహం చూడలేదు, సంచిని చూసింది.

జడ్జి గుమాస్తాను తప్ప అందరినీ బయటికి పంపేశాడు. తలుపు వేసేముందు ఆదెన్న నాకేసి చూసి, మూడు వేళ్లు చూపించాడు. ముగ్గురి పేర్లు అని గుర్తు చేయడానికి. ఆ మూడు వేళ్లే నాకు లేనివి.

"ఎవరైనా బెదిరించి పంపారామ్మా? భయం లేకుండా చెప్పు" అన్నాడు జడ్జి. భయం లేదని అబద్ధం చెప్పలేక, బిడ్డను ఎడమ చంకలోకి ఇంకాస్త ఎగదోసుకున్నాను.

గుమాస్తా నా పేరు అడిగాడు. మొగుడి పేరు అడిగాడు. వయసు అడిగాడు. తర్వాతది అడగనే లేదు. టైపు కొట్టుకుంటూ తనలో తానే పైకి అన్నాడు, "వృత్తి, గృహిణి."

"అది కొట్టేయండి సార్," అన్నాను. "గంగులయ్య మిల్లులో పత్తి మిషను మీద నా పని. ఈ చెయ్యి ఆడనే పోయింది."