నూట అరవై నాలుగు చిల్లులు

నీళ్ళు చిమ్మే ఇత్తడి జల్లుమూతుల్ని నిమ్మరసం గిన్నెలోంచి ఒక్కొక్కటిగా తీసి, వెలుగుకెదురుగా పట్టుకుని, పూడుకుపోయిన చిల్లుల్ని కుట్టుసూదితో పొడుస్తున్నాడు అతను. పన్నెండు అయ్యాయి, ఇంకా ఆరున్నాయి. ఎడమ మోకాలు ముడుచుకోదు గనుక ఆ కాలు బారజాపి వంటింటి గుమ్మానికి ఆనుకుని కూర్చున్నాడు. ఏళ్ళ తరబడి కిటికీ సందుల్లో పూసే సీలెంటును నునుపు చేసి చేసి అతని వేళ్ళ కొసలు గీతల్లేకుండా అరిగిపోయాయి.

"నా సూది, నా గిన్నె, నా నిమ్మకాయలు. ఇందులో నీదంటూ ఏముందయ్యా?" అంది భార్య కుట్టుమిషను దగ్గర నుంచి.

"పట్టిన ఉప్పు నాది."

"పొద్దున్నించి చొక్కా రెండుసార్లు మార్చావు. నన్ను చూడ్డానికొచ్చినప్పుడు కూడా ఇంత హడావుడి పడలేదు."

"నువ్వు ఒప్పుకుంటావని అప్పుడు తెలుసు. ఇవాళ తరగతికొచ్చే ఆ పెద్దాయనేమంటాడో తెలీదు."

మిషను ఆగింది. "చెప్తావా మరి?"

"చెప్తా."

"మేడమ్‌కి కోపమొచ్చి పొమ్మంటే?"

"నీ మిషనుంది కదే."

"అబ్బో! అయ్యగారి ధైర్యమంతా నా కాలికింద ఉందన్నమాట!" అంటూ ఆమె మళ్ళీ మిషను తొక్కింది. నవ్వుతూనే తొక్కింది.

అతను పనిచేసే శిక్షణ కేంద్రానికి ఆర్కిటెక్టులు చదువుకోవడానికి వస్తారు. ఎంత పేరున్నవాళ్ళయినా ఏటా కొన్ని గంటలు పాఠం వినకపోతే వాళ్ళ లైసెన్సు నిలవదు. పెద్ద ఆఫీసు భవనాల కిటికీల గురించి అక్కడ ఒకరోజు పాఠం ఉంటుంది. పాఠం మేడమ్ చెబుతుంది. గది చివర నిలబెట్టిన నిజమైన కిటికీ మీద వాన కురిపించేది అతను. అందుకే అందరికీ అతను జల్లు బాబాయ్. గోడకి కట్టిన సారువ కర్రల మీద నుంచి పడి మోకాలు విరిగాక చేరిన కొలువది. పన్నెండేళ్ళలో ఎన్ని వానలు కురిపించాడో లెక్కలేదు గానీ, తరగతిలో ఒక్క మాట మాట్లాడింది లేదు.

నిన్న మేడమ్ పిలిచి, "చిల్లుల సంగతి ఈసారి మీరే చెప్పండి బాబాయ్. ఐదంటే ఐదే నిమిషాలు. పాత సైట్ల పురాణాలు మాత్రం వద్దు," అంది. ఆ సంబరంలోనే తలుపుకి అంటించిన జాబితా చూశాడు. తొమ్మిదో పేరు దగ్గర అతని వేలు ఆగిపోయింది.

ముప్పై రెండేళ్ళ కిందట నాలుగంతస్తుల ఆఫీసు భవనం గీసింది ఆ తొమ్మిదో పేరాయనే. గోడంత కిటికీలు, నలభై ఒకటి. అన్నిటికీ సీలెంటు పెట్టింది ఇతను. అప్పటికి పనిలో కొత్త. చేతిపని మంచిదని మేస్త్రీ మెచ్చుకుంటే ఒళ్ళు తెలియని వయసు. ప్రతి ఫ్రేము అడుగునా బయటివైపు నాలుగు చిల్లులు కనిపించాయి. ఫ్యాక్టరీవాళ్ళ నిర్లక్ష్యం అనుకుని, అన్నిటినీ నీటుగా మూసేశాడు. మొదటి వానకే నాలుగంతస్తులూ తడిసిపోయాయి. తప్పు ఆర్కిటెక్టు గీసిన గీతలోనే ఉందన్నారు. కిటికీలు పీకేసి, సగం గోడ కట్టేశారు.

రెండేళ్ళ తర్వాత ఇంకో సైటులో అలాగే మూయబోతుంటే కొత్త మేస్త్రీ చేతిమీద ఒక్కటేశాడు. "కిటికీకి మూతి కుట్టేస్తావేంట్రా! లోపలికెళ్ళిన నీళ్ళు ఎట్నుంచి పోతాయి?"

ఆ దెబ్బ ఇప్పటికీ చురుక్కుమంటుంది. నింద మోసిన ఆ ఆర్కిటెక్టుని వెతికితే దొరక్కపోయేవాడు కాదు. మొదట భయం, తర్వాత సిగ్గు, ఆ తర్వాత అలవాటు.

తరగతిలో ముప్పైమందికి పైగా ఉన్నారు. పెద్దాయన ముందు వరుసలోనే కూర్చున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది, మెడ సన్నబడింది. చెక్కిన పెన్సిళ్ళు మూడు వరసగా పెట్టుకున్నాడు. ఎండ వేడిని ఆపి వెలుతురును రానిచ్చే గాజు గురించి మేడమ్ హుషారుగా చెబుతోంది. మధ్యలో ఆయన్ని అడిగింది, "మీరు ఎలాంటి గాజు వాడతారు సార్?"

"నేను పెద్ద కిటికీలు గీయనమ్మా. నాకు అచ్చిరాలేదు."

"సార్ భవనాల్లోకి పావురం కూడా పక్కకి తిరిగి దూరాలి," అన్నాడు వెనక నుంచి ఓ కుర్ర ఆర్కిటెక్టు. అందరూ నవ్వారు. పెద్దాయనా నవ్వాడు. గది చివర జల్లు బాబాయ్ నీళ్ళ గొట్టం వైపు తిరిగాడు.

అతని వంతు వచ్చింది. ఫ్యాను వేశాడు. కిటికీ వెనకున్న పెట్టెలోంచి గాలి లాగేస్తే తుఫానులో ఉన్నట్టే నీళ్ళు లోపలికి ఒత్తుకొస్తాయి. పద్దెనిమిది మూతులూ ఒక్కసారిగా జల్లుకొట్టాయి. పావుగంట గడిచినా లోపల చుక్క లేదు. ఫ్రేము అడుగు చిల్లుల్లోంచి మాత్రం నీళ్ళు సన్నగా బయటికి కారుతున్నాయి.

నీళ్ళు కట్టేసి, తుడిచి, సీలెంటు తీసుకుని ఆ నాలుగింటినీ మూశాడు. వేలితో ఒక్కో రుద్దు. ఎక్కడ మూశాడో కనబడలేదు.

"అబ్బ, ఏం చెయ్యి బాబాయ్!" అన్నారెవరో.

"ఈ చెయ్యే కొంప ముంచిందండీ," అంటూ మళ్ళీ నీళ్ళు వదిలాడు.

మూడో నిమిషానికి ఫ్రేము అడుగు కాలువ నిండింది. నాలుగో నిమిషానికి నీళ్ళు లోపలి అంచు దాటి నేలమీద పడ్డాయి. ఫోన్లు చూసుకుంటున్నవాళ్ళు కూడా లేచి ముందుకొచ్చారు.

"నీళ్ళు ఎలాగూ దూరతాయండీ. రబ్బరు పట్టీ ఇవాళ కాకపోతే రేపు సడలుతుంది. దూరినవాటికి దారి ఇవ్వాలి. నేను ఇవ్వలేదు. నలభై ఒక్క కిటికీలకి మూసేశాను." పెద్దాయన వైపు తిరిగాడు. "నాలుగంతస్తుల భవనం సార్. మీదే."

మేడమ్ గడియారం చూడబోయి చెయ్యి దించేసింది.

పెద్దాయన లేచి వచ్చాడు. కిటికీ ముందు కష్టంగా గొంతుక్కూచుని, నేలమీది నీళ్ళలో వేలు పెట్టి చూశాడు.

"ఎన్ని మూశావు?"

"నూట అరవై నాలుగు సార్."

"ఒక్కటైనా వదల్లేదా?"

"పని నీటుగా చెయ్యమన్నారు సార్."

పెద్దాయన ఫ్రేము అడుగుకేసి వేలు చూపించాడు. "తియ్యి," అన్నాడు. అతను కత్తి మొనతో నాలుగు చిల్లులూ తెరిచాడు. ఆగిన నీళ్ళన్నీ ఒక్కసారి బయటికి దూకాయి. పెద్దాయన గొంతులోంచి ఓ శబ్దం వచ్చింది. నవ్వో, మరొకటో ఎవరికీ తెలియలేదు. "ముప్పై రెండేళ్ళయ్యా! ముప్పై రెండేళ్ళు నా చేతిని నేనే నమ్మలేదు," అని లేచి, తడిచేతిని చొక్కాకే తుడుచుకుని తన కుర్చీలోకి వెళ్ళిపోయాడు.

ఆఖరున పరీక్ష కాగితాలు పంచారు. అందులో రాస్తేనే గంటలు లెక్కలోకి వస్తాయి. నేల తుడుస్తూ జల్లు బాబాయ్ ఆయన్నే చూశాడు. ఆయన తలెత్తలేదు. పెన్సిలు పరపరమంటూ నడుస్తోంది. మేడమ్ దగ్గరికొచ్చి, "పదకొండు నిమిషాలు మాట్లాడారు," అంది. పొమ్మంటుందని అతను తల వంచాడు. "వచ్చేసారి ఇరవై ఇస్తా," అంది.

ఆ మాట ఒంటికి పట్టి అటు తిరిగేసరికి పెద్దాయన కుర్చీ ఖాళీ. కుంటుతూ గేటుదాకా పరిగెత్తాడు. రోడ్డుమీద ఎవరూ లేరు. పెద్దాయన హాజరు సంతకమైనా పెట్టకుండా వెళ్ళిపోయాడు.

తిరిగొచ్చి కాగితాలు ఏరాడు. పెద్దాయన కాగితంలో ఒక్క ప్రశ్నకీ జవాబు లేదు. వెనక్కి తిప్పాడు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకటే కిటికీ గీసి ఉంది. దాని అడుగున నాలుగు సున్నాలు. నాలుగు చోట్లా పెన్సిలు మొన కాగితాన్ని పొడుచుకుని అవతలికి వచ్చింది.