కదిరమ్మ చేతి పసరు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. తప్పు నాదైనప్పుడు మరీ ఎక్కువ. అందుకే ఆ రోజు కొండ ఎక్కుతూ దారిలో ప్రతి రాయినీ తిట్టుకుంటూ పోయాను.

రెండువేల ఒకటో సంవత్సరం. నేను అనంతపురంలో మొక్కల మీద పరిశోధన చేస్తున్నాను. మడకశిర పక్క కరువు కొండల మీద పూసే చిన్న అడవి చామంతులు నా విషయం. గోరంత పసుప్పచ్చ పూలు, గరుకు ఆకులు. మూడేళ్లుగా వాటిని కోసుకొచ్చి, పాత పేపర్ల మధ్య నొక్కి, ఎండబెట్టి, అట్టలకు అంటిస్తున్నాను.

ఆ కొండదారులు నాకు చూపింది కదిరమ్మ అవ్వ. అరవై దాటినా గొర్రెలు కాస్తుంది. ఉన్ని కత్తిరించేటప్పుడు కత్తెర తగిలి గొర్రెలకు గాట్లు పడతాయి. వాటి మీద చామంతి ఆకు పసరు పిండుతారు. మంద ఎవరిదైనా సరే, ఆకు నలిపేది మాత్రం కదిరమ్మే. హస్తవాసి మంచిదని ఆమెకు పేరు. ఆమె వచ్చి కూర్చుంటే గాని ఎవరూ కత్తెర పట్టేవాళ్లు కాదు.

ఆ ఆకు కోసం ఆమె సగం కొండ ఎక్కేది. చేను గెనం మీద, అంటే గట్టు మీద, కాలికి అడ్డం పడేంత దగ్గర్లో అలాంటి చామంతే బోలెడుంది. అది వేరంటుంది. ఏమిటి తేడా అంటే, "ఇవి అక్కచెల్లెండ్లు పాపా. మొగం ఒకటే, గుణం వేరే" అనేది. నేను నవ్వేదాన్ని. నా అట్టల మీద రెండూ అచ్చం ఒకటే. భూతద్దం పెట్టి చూసినా ఒకటే.

నెల కిందట ఆమె మోకాళ్లు పట్టుకుని బండ మీద కూలబడితే నాకు ప్రాణం ఉసూరుమంది. రెండూ ఒకటేననీ, చదివినదాన్ని చెప్తున్నాననీ, ఇకపై గెనం మీదే కోసుకోమనీ పట్టుబట్టాను. ఆమె చాలాసేపు నా మొహంలోకి చూసి, సరేనంది.

ఆ రోజు బస్సు దిగగానే గొర్రెల బొచ్చు కత్తిరించే లింగప్ప ఎదురయ్యాడు. పోయినసారి పసరు పూసిన గొర్రెలకు గాట్లు పుండ్లయ్యాయట, పురుగులు పడ్డాయట. కదిరమ్మ చెయ్యి చెడిందని ఊరంతా అనుకుంటున్నారట. ఇవాళ తిప్పయ్య మందకు వాళ్ల దొడ్లో కత్తిరింపు, ఆమెను పిలవలేదట. నా పేరు అతని నోట రాలేదు. అంటే ఆమె ఎవరికీ చెప్పలేదన్నమాట.

నేరుగా గెనం మీదికి పోయి ఒక మొక్క పీకాను. కొండ ఎక్కి ఇంకొకటి పీకాను. దిగేటప్పుడు జారి పడ్డాను. మోచెయ్యీ అరచెయ్యీ గీరుకుపోయాయి. అక్కడే కూర్చుని, ఆ మూడేళ్లలో మొదటిసారి, ఆకులు నలిపాను. కొండ ఆకు అడుగున మెత్తటి నూగు ఉంది. గెనం ఆకు రెండు వైపులా గరుకే. వాసనలూ వేరు. గెనం ఆకు పసరు మోచేతి మీద పిండుకున్నాను. భగ్గున మండింది.

నమూనా నలగకూడదని మాకు నియమం. నొక్కి ఎండబెడితే నూగు అణిగిపోతుంది, వాసన పోతుంది. ఆమె నలపకుండా ఏనాడూ ఆకు వాడలేదు. నేను అప్పటిదాకా ఒక్కసారైనా నలపలేదు. నా చదువు మీద నాకే అసహ్యం వేసింది.

కదిరమ్మ తన గడపలో కూర్చుని ఉంది. చెయ్యి పట్టుకుని తిప్పయ్య దొడ్డికి లాక్కుపోయాను. అందరి ముందూ చెప్పేశాను, ఆ ఆకు నా మాట విని కోసిందేనని, తప్పు ఆమెది కాదని. లింగప్ప కత్తెర ఆపాడు. నెల దినాలు నోరెందుకు మెదపలేదని తిప్పయ్య ఆమెనే గదిమాడు.

ఆమె నా వైపు తిరిగింది. "చెప్తే నిన్ను ఊర్లోకి రానిస్తారా పాపా? ఆడపిల్లవి, ఒక్కదానివే కొండల్లో తిరుగుతాండావు."

గీరుకుపోయిన అరచెయ్యి ఆమె ముందు చాపాను. ఆమె కింద చతికిలబడి తన చేతులు కొంగులో దాచుకుంది.

"వద్దు పాపా. ఆకుదే తప్పో ఏమో, నా చేతికి కూడా ఏమో అయిండాది."

అందరూ అన్న మాట ఆమె కూడా నమ్మేసింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏం చెయ్యాలో తోచక, వెంట తెచ్చిన రెండు మొక్కలూ ఆమె ఒడిలో పడేశాను.

"ఏది ఏదో నాకు మళ్లీ తెలియట్లేదు అవ్వా. నువ్వే చూడు."

అది అబద్ధమే. ఆమె చేతులు కొంగులోంచి బయటికొచ్చాయి. బొటనవేలితో ఆకుల అడుగు తడిమింది. ఒక మొక్కను విసిరి దూరంగా పారేసింది.

"మూడేండ్లు ఏం చదివినావే నువ్వు" అంటూ రెండోదాని ఆకులు దూసి, నలిపి, నా అరచేతిలో పిండింది. "మండుతాందా?"

"లేదవ్వా."

లింగప్ప గాటు పడిన గొర్రెను లాక్కొచ్చి ఆమె ముందు పడుకోబెట్టాడు. నా చేతి మీద పసరు ఇంకా ఆరలేదు, ఆమె అప్పటికే ఇంకొన్ని ఆకులు నలుపుతోంది.