రొయ్యల బకెట్టు

హాల్లో ఆ గాజు తొట్టిలో సముద్రపు పగడాలు బతికింది ఆమె వల్ల. పేరు భర్తకి వచ్చింది. ఇందులో వాదించడానికేమీ లేదు.

ప్రతి ఆదివారం పొద్దున్నే ఉప్పునీళ్లు కలపడం, అద్దానికి పట్టిన పాచి గీకడం, వడపోత గుడ్డ ఉతకడం ఆమె పనులు. సాయంత్రం నీలం దీపం వేసుకుని, కుర్చీలో వెనక్కి వాలి చూడటం అతని పని. "నా పగడాలు" అనేవాడు. ఆమె ఉతికిన చొక్కానీ "నా చొక్కా" అనే అంటాడు కదా అని చాలాకాలం పట్టించుకోలేదు.

ఒకసారి కొమ్మల పగడాలకి ఎర్రపురుగు పట్టింది. ఆవగింజలో సగం ఉండదు, రంగంతా పీల్చేస్తుంది. అతను తల పట్టుకుని కూర్చున్నాడు. ఆమె పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు. కుక్కల గుండెలో పురుగు పడకుండా ఇచ్చే మాత్ర దీన్నీ చంపుతుందని ఎక్కడో చదివి, డాక్టరమ్మని అడిగింది.

"కుక్కకి రాస్తాను గానీ, పగడానికి రాయడం నాకెవరూ నేర్పలేదమ్మా," అని నవ్విందావిడ. "వాడితే మాత్రం ముందు రొయ్యల్నీ పీతల్నీ తీసెయ్. పురుగేదో రొయ్యేదో ఆ మందుకి తెలీదు."

మూడు ఆదివారాలు చేసింది. అతను నిద్ర లేవకముందే రెండు చారల రొయ్యల్నీ వలతో పట్టి, ఎర్ర బకెట్టులో గాలిగొట్టం వేసి, సింకు కింద పెట్టేది. మాత్రలు నూరి, ఆసుపత్రి త్రాసు మీద తూచి తెచ్చిన పొడి తొట్టిలో కలిపేది. ఆరు గంటలు గడిచాక నీళ్లు మార్చి, మందు పీల్చే బొగ్గు సంచీ వేలాడదీసేది. నీలం దీపం వెలిగేవేళకి రొయ్యలు మళ్లీ లోపల ఉండేవి. అవి ఏమయ్యాయని అతను ఒక్కరోజూ అడగలేదు. మామగారు మాత్రం అడిగారు: "కుక్కల మందు ముట్టిన చేత్తోనేనా అమ్మాయ్, కాఫీ కలిపింది?"

పురుగు పోయింది. అతనిలా ఇళ్లలో పగడాలు పెంచే క్లబ్బువాళ్లు చూడటానికొచ్చారు. ఒకాయన ఆమె వైపు తిరిగి, "మందు ఎంత వేశారండీ?" అన్నాడు.

"ఆవిణ్ణేం అడుగుతావ్! మాత్ర తెచ్చిచ్చింది, అంతే. ఆవిడకి తెలిసింది కుక్కలు," అన్నాడు భర్త.

అందరూ నవ్వారు. ట్రే పట్టుకుని ఆమె కూడా నవ్వింది. తర్వాత కప్పులు కడుగుతుంటే ఒళ్లు మండింది. వాళ్ల మీద కాదు, ముందు తన పళ్ల మీద. పన్నెండేళ్లుగా ఎన్ని మాటలకి ఇవి ఇలా బయటపడ్డాయి! "ఆదివారం నీకేం పనుంది" అన్నప్పుడు. "మా కోడలు డాక్టరు కాదులెండి, కుక్కల చెవులు పట్టుకునే మనిషి" అన్నప్పుడు. ప్రతిసారీ నవ్వింది. అవమానాన్ని తనే సర్ది, తనే పళ్లెంలో పెట్టి అందించినట్టుంది.

క్లబ్బు ప్రెసిడెంటుగారి పెద్ద తొట్టికీ అదే పురుగు పట్టింది. మరుసటి వారం, అందరూ చూస్తుండగా, అతను దానికి మందు వేయాలి. ఆమె పొడి పొట్లం ఇచ్చింది.

"ఏమండీ, ఇది వేసేముందు..."

"అన్నీ తెలుసు."

"అది కాదు, తొట్టిలో ఉండే..."

"చేసింది నేనా, నువ్వా?"

పేపరు చాటునుంచి మామగారు అందుకున్నారు: "వాడికి చెప్పేంతదానివయ్యావా, అమ్మాయ్?"

మూడోసారి చెప్పొచ్చు. మాట నోట్లోనే ఉంది. అతను గడప దాటగానే ఆమె తలుపేసుకుంది.

సాయంత్రం అతను నల్లబడ్డ మొహంతో వచ్చాడు. "పద్నాలుగు రొయ్యలు! పీతలన్నీ వెల్లకిలా! రొయ్యలకేమైనా అవుతుందా అని ప్రెసిడెంటుగారు అడిగితే, మా ఇంట్లో వాటికేం కాలేదని నలుగురి ముందూ చెప్పానే! నాకెందుకు చెప్పలేదు?"

చచ్చిన రొయ్యల తప్పేమీ లేదు. ఆ పాపంలో తన వాటా ఎంతో ఆమెకి తెలుసు, దాన్ని ఎవరి మీదా తోయలేదు. సింకు కింది ఎర్ర బకెట్టు తెచ్చి అతని కాళ్ల ముందు పెట్టింది.

"మూడు ఆదివారాలూ మీరే చేశారుగా. మన రొయ్యల్ని ఎక్కడ పెట్టారు?"

అతను బకెట్టు చూశాడు. తొట్టి చూశాడు. తండ్రి వైపు చూశాడు. మామగారు పేపరు తిప్పారు. ఈసారి ఆమె నవ్వలేదు.

"వచ్చే ఆదివారం నుంచి నీళ్లు మీరే కలుపుకోండి. పాచీ మీరే గీక్కోండి. పగడాలు మీవేగా."

"ఈ సంగతి ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు," అన్నాడతను. "నేనూ ఎత్తను."

ఎత్తలేదు. ఆమెకిచ్చిన మాటల్లో అతను నిలబెట్టుకున్నది అదొక్కటే.