మూతపడని నోరు

రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని గడప మీద కూర్చున్న గురునాథరావు పెద్దగా ఆవలించాడు. ఆ ఆవలింత పూర్తికాలేదు. రెండు చెవుల ముందూ టక్కుమని ఏదో జారింది. తెరుచుకున్న నోరు తెరుచుకున్నట్టే ఉండిపోయింది.

మూద్దామని చూశాడు. పడలేదు. గడ్డం కింద అరచెయ్యి పెట్టి ఎత్తి నొక్కితే ప్రాణం పోయినంత నొప్పి వచ్చింది గాని దవడ కదల్లేదు. టీ గ్లాసుతో వచ్చిన భార్య సన్యాసమ్మ అతను ఆటపట్టిస్తున్నాడనుకుంది.

"ఏటా యేసాలు. టీ సల్లారిపోద్ది."

అతని కళ్లల్లో నీళ్లు చూశాక గ్లాసు కింద పెట్టింది. పక్షవాతమేమోనని రెండు చేతులూ ఎత్తమంది. బాగానే ఎత్తాడు. అప్పుడు గడ్డం కింద నుంచి నడినెత్తికి తువ్వాలు కట్టి, ఎదురింటి గవర్రాజును పిలిచింది. అతనికి సొంత ఆటో ఉంది. చూస్తూనే "మూసెయ్ బావా" అన్నాడు గవర్రాజు. అనేశాక తనకే సిగ్గేసి, బండి తీశాడు.

ఆటోనగర్ మలుపులో ఉన్న పళ్ల డాక్టరు తొమ్మిదిన్నరకు గాని రాలేదు. అప్పటిదాకా ముగ్గురూ మెట్ల మీదే కూర్చున్నారు. గురునాథరావుకు సొంగ ఆగడం లేదు. మింగుదామంటే మింగుడు పడదు. కంటైనర్ల యార్డులో క్రేను నడిపే నలభై ఏడేళ్ల మనిషి, చంటిబిడ్డలా చొక్కా తడుపుకుంటున్నాడు.

"ఏమైందమ్మా?" అన్నాడు డాక్టరు.

"నైట్ డూటీ సేసి వచ్చేడు బాబూ. ఆవలించేడు. మరి నోరు పడలేదు."

డాక్టరు నోట్లో బొటనవేళ్లు పెట్టి రెండుసార్లు ప్రయత్నించాడు. చెమటలు పట్టాయి అతనికి. "కండరాలు బిగుసుకుపోయాయి, నావల్ల కాదు. మాక్సిలోఫేషియల్ సర్జన్ కావాలి. దవడకీ ముఖం ఎముకలకీ ఆపరేషన్లు చేసే డాక్టరు. మా దగ్గరికి గురువారం గురువారం వస్తారు," అన్నాడు. ఆ రోజు సోమవారం. ఆ ఇంగ్లీషు పేరు చీటీ మీద రాసిచ్చాడు.

చీటీ పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లారు. కౌంటర్లో అమ్మాయి చీటీ అటూ ఇటూ తిప్పి చూసి ఎముకల విభాగానికి పంపింది. అక్కడా అదే ప్రశ్న.

"నైట్ డూటీ సేసి వచ్చేడు బాబూ," అంది సన్యాసమ్మ. "తొమ్మిది నెల్లయి నైట్ డూటీయే. ఇద్దరు మానేసేరు, ఆళ్ల పనీ ఈయనే సేత్తన్నాడు. ఆవలించేడు, మరి నోరు పడలేదు."

ఎక్స్‌రే తీయించారు. చూసిన డాక్టరు, కాలో చెయ్యో అయితే చేద్దును గాని దవడ తన పని కాదన్నాడు. చెవి ముక్కు గొంతు విభాగానికి వెళ్లమన్నాడు. అది మూడో అంతస్తు. అక్కడ బల్ల దగ్గరున్న నర్సు కూడా అదే అడిగింది. సన్యాసమ్మ గొంతు అప్పటికే బొంగురుపోయింది.

"తొమ్మిది నెల్లయి నైట్ డూటీయేనమ్మా. పగలు పడుకుంతాడు గాని నిద్రోడు. గంటకే లేసి దొడ్డి మెట్టు మీద కూసుంతాడు. సెలవు రోజూ అంతే. అడిగితే, నాను బాగానే పడుకుంతన్నాను అంతాడు."

గురునాథరావు తల తిప్పి భార్యను చూశాడు. మధ్యాహ్నాలు తను లేచేసరికి ఆమె చాప మీద అటు తిరిగి పడుకుని ఉంటుంది. అడుగుల చప్పుడు కాకుండా వెళ్లి, అలాగే వచ్చి పడుకునేవాడు.

నర్సు గొంతు తగ్గించింది. "ఇక్కడా అవ్వదమ్మా, ఊరికే తిప్పుతారు. సీతమ్మధారలో యశస్విని మేడం ఉన్నారు. మా అత్తకి దవడ ఇరిగితే ఆవిడే కట్టేరు. అటెల్లిపోండి."

పోర్టు రోడ్డు లారీల మధ్య ఆటో నత్తలా సాగింది. బండి ఎగిరిన ప్రతిసారీ దవడలో సూదులు దిగుతున్నాయి. గవర్రాజు ముందే చెబుతూ వచ్చాడు. "గొయ్యొచ్చింది బావా, పట్టుకో."

సీతమ్మధారలో క్లినిక్ దొరికింది, డాక్టరు దొరకలేదు. వేరేచోట ఆపరేషన్లో ఉందట, మూడింటికి వస్తుందట. అక్కడి అమ్మాయి ఫోను చేసి, కూర్చోమన్నారు, మంచినీళ్లు కూడా తాగించొద్దన్నారు అని చెప్పింది. గవర్రాజు టీ తెస్తే సన్యాసమ్మ వద్దంది. తాగమని గురునాథరావు చేత్తో సైగ చేశాడు. ఆమె మొహం పక్కకు తిప్పుకుంది.

మూడున్నరకు వచ్చిన యశస్విని ముఖం మీద మాస్కు గీతలు ఇంకా పోలేదు. ఎక్స్‌రే చూసి అతని ముందు కూర్చుంది. సన్యాసమ్మ మొదలుపెట్టబోతే ఆపింది.

"ఆయన్నే చెప్పనివ్వండి. తలాడిస్తే చాలు. ఇంతకుముందెప్పుడైనా ఇలా జారిందా?"

లేదన్నట్టు ఊపాడు.

"నిద్ర పడుతోందా?"

అలవాటుగా అవునని తలాడించబోయాడు. సగంలో ఆగాడు. తర్వాత మెల్లగా అడ్డంగా ఊపాడు.

చేతికి ఇంజెక్షన్ ఇచ్చి కాసేపు ఆగింది. బొటనవేళ్లకు గాజుగుడ్డ చుట్టుకుని, వెనక పళ్ల మీద ఆనించి, ముందు కిందికి, ఆపైన వెనక్కి తోసింది. లోపల ఏదో దాని చోట్లో అది పడింది. పొద్దుటినుంచి ఒకదాన్నొకటి తాకని పళ్లు తాకాయి. మొత్తం నిమిషం పట్టిందో లేదో. గురునాథరావు ఆ కుర్చీలోనే నిద్రపోయాడు. లేపబోయిన అమ్మాయిని డాక్టరు వారించి, తర్వాతి వాళ్లను పక్క గదిలో చూసింది.

లేచేసరికి అయిదు దాటింది. గడ్డానికి కట్టు ఉంది. రెండు వారాలు జావ, మెత్తటన్నం. మాటలు తగ్గించాలి. ఆవలింత వస్తే గడ్డం కింద పిడికిలి ఆనించాలి. పది రోజుల సెలవుకు కాగితం రాసిచ్చింది.

"మళ్లీ మళ్లీ జారితే ఆపరేషన్ ఆలోచిద్దాం. ముందు ఆ నిద్ర సంగతి చూపించుకోండి. దానికి డాక్టరు వేరే," అని ఇంకో చీటీ రాసిచ్చింది.

"ఇంకో డాట్రా," అని నిట్టూర్చి సన్యాసమ్మ ఆ చీటీ కూడా తీసుకుంది.

తిరుగుదారిలో గురునాథరావు కట్టు బిగువులోంచి మెల్లగా అడిగాడు.

"దొడ్డి మెట్టు సంగతి నీకెలా తెలుసు? నువ్వు నిద్రోతావు కదా అప్పుడు."

"నాను నిద్రోతన్నానని నీకెవులు సెప్పేరు?"

కాసేపటికి ఆమె తల ఆటో ఇనప రాడ్డు మీదికి వాలిపోయింది. ఈసారి నిజంగానే నిద్ర. గతుకు వచ్చినప్పుడల్లా తల కొట్టుకుంటోంది. గురునాథరావు తన అరచెయ్యి మధ్యలో పెట్టి, గాజువాకలో ఇల్లు వచ్చేదాకా తీయలేదు.