తోలుకు లోపలి పక్క

ఆండాళమ్మ పడుకొని నిద్రపోయి ఏడాది దాటింది. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడక దమ్ము లేస్తుంది, పక్కకు తిరిగితే దగ్గు. గోడకు దిండు ఆనించుకొని కూర్చుంటే కన్ను మూతపడేది, మెడ ఒరగగానే ఉలిక్కిపడి లేచేది. ఆమె దగ్గితే కొడుకు సారంగపాణి లేచేవాడు. కోడలు రాజేశ్వరి వేడినీళ్లు తెచ్చేది. తెల్లారి చూస్తే ముగ్గురి కళ్లూ ఒకే తీరుగా ఎర్రగా ఉండేవి.

దవాఖానలో డాక్టరు ఛాతీ మీద గొట్టం పెట్టి విని, "అమ్మా, మీరు పడుకోవద్దు, కూర్చోవద్దు. ఆ రెంటికీ మధ్యలో ఉండాలి" అన్నాడు. ఆ మధ్య ఏ అంగట్లో దొరుకుతుందో చెప్పలేదు.

సారంగపాణి వెతికాడు. వరంగల్ చౌరస్తాలో అతనిది బట్టల దుకాణం. మిల్లు ఇంజనీరొకాయన బదిలీ మీద పోతూ ఇంటి సామాను అమ్ముతున్నాడని ఒక గిరాకి మాటల్లో చెప్పాడు. పోయి చూస్తే అందులో ఒక సోఫా ఉంది. ఇద్దరు కూర్చునేంత వెడల్పు. పక్కన కట్టె పిడి. పిడి గుంజితే వీపు పలక మెల్లగా వెనక్కి వాలుతుంది, కింది నుంచి ఇంకో పలక లేచి కాళ్లను ఎత్తుకుంటుంది. ఎక్కడ వదిలితే అక్కడ ఆగుతుంది. సారంగపాణి దాని మీద ఒరిగి చూసి, డాక్టరు చెప్పిన మధ్య ఇదే అనుకున్నాడు.

మట్టెవాడలో వాళ్ల ఇంటి ముందు బండి దిగిన సోఫా చుట్టూ వాడకట్టు మూగింది. అందరూ పోయాక ఆండాళమ్మ నేల మీద కూర్చొని, తల దాని కిందికి పెట్టి, "రాజేశ్వరీ, జర పిడి గుంజు" అంది. కింద ఇనుప కడ్డీలు ఒకదాని మీద ఒకటి కత్తెరలా పోవడం చూసింది. "మళ్లొకసారి గుంజు." కోడలికి చెయ్యి నొప్పి పుట్టేదాకా గుంజించింది. చిన్నప్పుడు మగ్గం కిందికి దూరి కూర్చునేదట. ఏది ఎట్లా కదులుతుందో చూడకపోతే ఆమెకు అన్నం సయించదు.

సోఫా ఇనుము గట్టిదే గానీ మీది పొర ఎలుకలు కొట్టేసి ఉంది. పోచమ్మ మైదాన్ దగ్గర లారీ సీట్లు కుట్టే పోశయ్యను పిలిపించారు. అతను స్ప్రింగులు నొక్కి చూసి, "సామాను మంచిగున్నది సేటు. మీద ఏం ఎయ్యమంటరు? తోలా, బట్టా?" అని అడిగాడు.

"తోలు" అన్నాడు సారంగపాణి.

"బట్టల దుకాణపోళ్ల ఇంట్ల తోలు సోఫానా?" అంది రాజేశ్వరి. "రేపు గిరాకొచ్చి, నీ బట్ట మీద నీకే నమ్మకం లేదా సేటూ అంటే ఏం చెప్తవ్?"

"పొద్దంత బట్టలే సూత్తాన్న. ఇంటికొచ్చినంకన్న వేరేది సూడనియ్యరాదు."

"రెగ్జిన్ గూడ ఉన్నది" అన్నాడు పోశయ్య మధ్యలో. "లారీలకు అదే ఏస్త. కానీ ఎండకాలం ఒంటికి అతుక్కుంటది."

ఆండాళమ్మ అడ్డం వచ్చింది. "చెప్పులు గడప అవతల ఇడిసేటోళ్లం. ఆ తోలునే తెచ్చి నడింట్ల పరుసుకుంటమా? నేను పండేది దాని మీద గదా. తోలు రాదు" అంది. ఆ మాటతో ముచ్చట తెగిపోయింది.

దుకాణం నుంచి పరదాలకు వాడే దళసరి బట్ట వచ్చింది. పోశయ్య కొబ్బరి పీచు కూరి, బట్ట బిగలాగి, చుట్టూ బుడిపె మేకులు కొట్టి ఇచ్చాడు. ఆండాళమ్మ వాలింది. పీచు ఆమె నడుముకు తగ్గట్టు లోతు పడింది. దమ్ము లేవలేదు. ఇంట్లో ముగ్గురూ నిద్రపోయారు. ఎండాకాలం అట్లా గడిచింది.

వానలు మొదలయ్యాక తొర్రూరులో పాలివాళ్ల పెద్దాయన పోయాడని కబురొచ్చింది. ఇంటికి మైల ముట్టింది. మైల తీరే రోజున గడప నుంచి పెరడుదాకా కడగాలి. కట్టిన బట్టా, పరిచిన బట్టా, తలకింది దిండు గలీబుతో సహా అన్నీ నీళ్లలో పడాలి. ఈ విషయంలో ఆండాళమ్మ ఎవరి మాటా వినదు. తడవని బట్ట ఇంట్లో ఒక్కటి మిగిలినా మైల పోయినట్టు కాదని ఆమె లెక్క.

చాకలి సోమక్క వచ్చి మూటలు కట్టింది. చివరికి సోఫా ముందు నిలబడింది.

"గిది ఊడొస్తదా అవ్వా?"

"రాదు. మేకులు కొట్టిండు పోశయ్య."

"మరి దీని మీదనే పండినవు గదా ఇన్నొద్దులు."

"పండిన."

సోమక్క బట్ట అంచు పట్టి గుంజి చూసింది. రాజేశ్వరి వంటింట్లో నుంచి వచ్చి, పసుపు నీళ్లు చల్లితే సరిపోదా అత్తమ్మా అంది. చల్లితే నేలకు సరిపోతుంది, బట్టకు ఎట్లా సరిపోతుందని ఆండాళమ్మ అడిగింది.

"ఎట్లున్నదట్లనే తడుపు సోమక్కా" అంది ఆండాళమ్మ.

ముగ్గురు ఆడవాళ్లూ సోఫాను పెరట్లోకి ఈడ్చారు. సోమక్క బొక్కెనతో తోడి పోసింది. సబ్బు రుద్దింది. మళ్లీ పోసింది. ఎన్ని పోసినా కింద చుక్క కారలేదు. "నీళ్లు యాడికి పోతానయ్ అవ్వా?" అని సోమక్క వంగి చూసింది. ఆండాళమ్మా వంగి చూసింది. కొబ్బరి పీచు తాగుతూనే ఉంది. ఇక తాగలేక ఒక్కసారి వదిలింది. పెరడంతా కాలువ కట్టింది. అప్పుడు ఆండాళమ్మకు తృప్తి అయింది.

సాయంత్రానికి పైన బట్ట ఆరింది. చేత్తో తడిమి చూసి లోపలికి తెప్పించుకుంది. లోపల పీచు ఆరలేదని ఎవరికీ తట్టలేదు. రెండు రోజులకు ముక్కిన వాసన మొదలైంది. ఆ చెమ్మ ఆమె వీపుకు పట్టి ఛాతీలో దిగింది. దమ్ము మునుపటికంటే గట్టిగా లేచింది. మళ్లీ గోడ, మళ్లీ దిండు.

"సోఫాను ఉతికిచ్చినవా అమ్మా?" అన్నాడు సారంగపాణి. కాసేపాగి మళ్లీ అదే అడిగాడు.

"ఉతికిచ్చిన. అయితేంది?"

పోశయ్య వచ్చి మేకులు పీకాడు. లోపల పీచు నల్లబడి ముద్ద కట్టింది. "లారీలు చెర్వుల పడితే సీట్లు తడిసినయ్ గని అవ్వా, సోఫాకు తానం పోసినోళ్లను సూడలే" అన్నాడు. రాజేశ్వరి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆండాళమ్మ కూడా నవ్వబోయింది, నవ్వు దగ్గయింది. దగ్గు ఆగేసరికి ఎవరూ నవ్వడం లేదు.

రాజేశ్వరే మాట మార్చింది. "అత్తమ్మా, బట్ట వద్దు. మళ్ల ఎవలో ఒకలు పోతరు, మళ్ల దీన్ని నానబెడ్తరు. తోలైతే తుడిస్తె సాలు."

"తోలే మైల. దాన్ని తుడిచేదేంది?"

"గుళ్లె మద్దెల తోలుది కాదా? మైల తీరినంక మద్దెలను నానబెడ్తరా?"

ఆండాళమ్మ పొద్దంతా మాట్లాడలేదు. కోపమొచ్చిందేమోనని కోడలు భయపడింది. కోపం కాదు. ఆమె ఆలోచిస్తోంది. పాలకుర్తి దిక్కు పుట్టింటి ఊళ్లో, ఇంటి పక్క చేనులో మోటబావి ఉండేది. ఎడ్లు వెనక్కి నడిస్తే తోలు బొక్కెన దిగేది, ముందుకు నడిస్తే నిండి పైకొచ్చేది. తోలు తొండంలో నుంచి నీళ్లు దబదబా పడేవి. మగ్గం గుంటలోంచి లేచి పరుగెత్తి, ఆ తొండం కిందే దోసిలి పట్టి తాగేది. అప్పుడు ఆమెకు తోలని గుర్తు లేదు. నీళ్లని మాత్రమే గుర్తు.

తెల్లారి ఆమె కొడుకుతో, "రిక్షా పిలువు. పోశయ్య కొట్టు సూస్త" అంది.

"అతన్నే రమ్మంట గదా."

"ఆయనొస్తె చెప్తడు. నేను పోతె సూస్త."

పోశయ్య కొట్టు నిండా సీట్లు. లారీవి, జీపువి, ఒక సినిమా హాలువి. ఆండాళమ్మ రిక్షా దిగి, దమ్ము తీసుకొని, తోలు చుట్ట ముందు కూర్చుంది. ముందు ఒక ముక్క అందుకొని ముక్కు దగ్గర పెట్టుకుంది. తోలు ఊరబెట్టే తంగేడు చెక్క వాసన వచ్చింది. అనుకున్నంత చెడ్డ వాసనేమీ కాదు.

"ఏ గొడ్డుది?"

"బర్రెది అవ్వా."

"కోసిందా, సచ్చిందా?"

"గది నాకెట్ల తెలుస్తది? తోలు నా దగ్గరికొచ్చేసరికి నోరుండది."

"నీళ్లు పడితే?"

"తుడిస్తె పోతయ్. బాగ నానితె బిర్రుగైతది. నూనె రాయాలె."

"మెతుకులు పడితే? పాలు పడితే?"

"అవ్వా, సోఫా మీద పంటవా, పెండ్లి చేస్తవా?"

సారంగపాణి నవ్వాడు. ఆండాళమ్మ పట్టించుకోలేదు. ఒక జీపు సీటుకు తోలుంది. దాన్ని గోడకు వాలుగా పెట్టమంది. ఎక్కి ఒరిగింది. చల్లగా ఉంది. బాగుందని అనబోయే లోపు నడుము కిందికి జారింది. కాళ్లు తన్ని పైకి జరిగింది. మళ్లీ జారింది. నూలు చీర తోలు మీద నిలవడం లేదు. గడ్డం ఛాతీకి తగిలి దమ్ము పట్టేసింది. కొడుకు చంకల్లో చేతులు వేసి లేపాడు.

"తోలు పనికిరాదమ్మా" అన్నాడతను. మొదట తోలు కావాలన్నది తనేనని మరిచిపోయినట్టున్నాడు. "బట్ట నానబెడ్తవు, తోలు జారుతది. ఇగ గోడే మన గతి."

ఆమె దమ్ము నిలదొక్కుకునేదాకా ఊరుకుంది. ఆ కొట్టు నుంచి ఏమీ తేల్చకుండా పోతే మళ్లీ గోడకు ఆనుకొనే తెల్లవార్చాలి. ఇంకెన్ని నెలలు అట్లా కూర్చోగలదో ఆమెకు తెలియదు. వాసన చూసిన తోలు ముక్క చేతిలోనే ఉంది. వేలు ఊరికే దాని మీద తిరుగుతోంది. పైన నున్నగా ఉంది. వేలు కింది వైపుకు పోయింది. అక్కడ నున్నగా లేదు. ఉన్నిలాగా చిన్న చిన్న పోగులు వేలికి అడ్డం తగిలాయి.

"పోశయ్యా, ఒక చెక్క ఇయ్యి" అంది.

అతనిచ్చిన చెక్కకు తోలు ముక్క నున్నటి పక్క పైకి పెట్టి సుతిలితో కట్టించింది. పక్క కిరాణా నుంచి పావుకిలో బియ్యం తెప్పించి వెంట తెచ్చుకున్న తన పాత నూలు చీర పేలికలో మూట కట్టింది. మూటను చెక్క మీద పెట్టి, ఒక కొస మెల్లగా లేపమంది. కొంచెం లేవగానే మూట జారి కింద పడింది. రెగ్జిన్ కట్టి లేపారు. కాసేపు నిలిచి జారింది. బట్ట కట్టి లేపారు. చెక్క సగం నిలువైనా మూట కదల్లేదు.

"తెలిసిందే గదా అవ్వా" అన్నాడు పోశయ్య.

"తోలు తిప్పి కట్టు."

"తిప్పి అంటే?"

"లోపలి పక్క పైకి."

అతను ఆమెను చూశాడు, సారంగపాణిని చూశాడు, తిప్పి కట్టాడు. చెక్క లేపారు. సగం నిలువైంది. ఇంకా లేపారు. మూట నిలిచే ఉంది. కొట్టు ముందు చాయ్ తాగుతున్న లారీ డ్రైవర్లు కూడా లేచి వచ్చి చూశారు. పోశయ్య చెక్కను ఇంకొంచెం లేపాడు, ఎప్పుడు పడుతుందో అతనికే తెలుసుకోవాలనిపించినట్టు. దాదాపు నిలువయ్యాక గానీ మూట పడలేదు.

"ఇట్లనే ఎయ్యి" అంది ఆండాళమ్మ.

పోశయ్య ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "అవ్వా, గట్ల ఎవ్వలు ఎయ్యరు. అది కడుపు దిక్కు. సూసినోళ్లు, పోశయ్యకు తోలు ఏ దిక్కు ఎయ్యాల్నో తెల్వదు అంటరు. నా బత్కు పోతది."

"నా పేరు చెప్పు. ముసల్ది మొండికేసిందని చెప్పు."

"మీ పేరు చెప్తె నవ్వుడు తక్కువైతదా?"

"కాదు. కానీ నేను పంట."

పోశయ్య తోలు ముక్కను అరచేత్తో అటూ ఇటూ తడిమాడు. అటు తడిమితే రంగు ముదిరింది, ఇటు తడిమితే తేలిపోయింది. ఇంకోసారి తడిమాడు. "మఖ్మల్ లెక్క కొడ్తాంది" అన్నాడు తనలో తను. ఆ మాటతో ఒప్పుకున్నట్టయింది.

కొత్త పీచు కూరి, తోలు లోపలి పక్క పైకి వేసి, దబ్బనంతో కుట్టి తెచ్చాడు. వాకిట్లో దింపగానే రాజేశ్వరి అరచేత్తో తడిమి, ఇది బట్టేనా అని అడిగింది. సారంగపాణి దుకాణం బుద్ధితో అంచు మడిచి చూశాడు. ఆండాళమ్మ గడప దగ్గర ఒక్కసారి ఆగింది. "లోపలికి తేండ్రి" అంది.

తెల్లారి ఎండ కిటికీలో నుంచి ఆమె కాళ్ల మీదికి వచ్చింది. పాలవాడు పిలిచి పోయాడు. వంటింట్లో గిన్నె చప్పుడైంది, ఆగిపోయింది. ముక్కు కింద ఏదో తగిలి ఆండాళమ్మ కళ్లు తెరిచింది. రాజేశ్వరి చెయ్యి. వెనకాల సారంగపాణి, దుకాణం తాళాలు పట్టుకొని, పాలిపోయిన ముఖంతో నిలబడి ఉన్నాడు.

"ఏం సూత్తానవే?"

"ఏం లేదత్తమ్మా. దగ్గు ఇనబడలే. అందుకని."

"దగ్గితే లేస్తిరి. దగ్గకుంటె గూడ లేస్తిరి. మీతోని ఎట్ల ఏగాలె?"

సారంగపాణి తాళాలు జేబులో వేసుకొని నేల మీదే కూలబడ్డాడు. ఆండాళమ్మ నడుము ఎక్కడుందో చేత్తో తడిమి చూసుకుంది. ఎక్కడ వాలిందో అక్కడే ఉంది.

"పాలు పొంగుతయ్ పో" అని కోడల్ని పంపి, ఆమె మళ్లీ కళ్లు మూసుకుంది.